దానమా? విసర్జనమా?

చలిదేశమున చిరకాలము కాపురముండి ఉష్ణదేశమునకు మరలి వచ్చు గృహస్థునకు తన ఉన్నిబట్టలలో ఏవి ఉంచుకొనవలెను, ఏవి విడువవలెను అను ప్రశ్న ఎదురగును. ఇది మూటలు కట్టువారి ప్రశ్న గాని ధర్మవిచారమునకు తగినది కాదని పాఠకమహాశయులు తలంపవచ్చును. కాని పరిగ్రహము, దానము, మమకారము అను మూడును ఈ చిన్న ప్రశ్నలో చేరియున్నవి. పెద్ద త్యాగముల సమయమున మనస్సు జాగరూకమై యుండును. పాత కంబళి దగ్గరనే అది మోసపోవును.

నాయొద్ద పంచకావ్యములు చదివిన శిష్యుడొకడు ముప్పదియేండ్లకు పైగా ఢిల్లీనగరమున ఉద్యోగము చేసి, విశ్రాంతి పొంది, శేషజీవితమును రాజమహేంద్రవరమున గోదావరీతీరమున గడుపనెంచి కార్తికమాసమున నాకు జాబు వ్రాసెను. ప్రయాణము రాబోవు వైశాఖమున. ఇంట రెండు రజాయిలు, అరడజను స్వెట్టర్లు, మూడు కోటులు, భార్య అల్లిన మఫ్లర్లు, కాశ్మీరు శాలువలు రెండు ఉన్నవట. "గురువుగారూ! మా అబ్బాయి అన్నియు ఎవరికైన ఇచ్చివేయుమనుచున్నాడు. మీ కోడలు ఒకటియు ఇయ్యవద్దనుచున్నది. శాస్త్రమేమి చెప్పునో సెలవిండు" అని అతని కోరిక. చివర ఒక వాక్యము చేర్చినాడు: "నాన్నగారి కోటు కూడ ఉన్నది."

ఢిల్లీలో పుష్యమాసపు రాత్రులు 4, 5 డిగ్రీలకు దిగుట క్రొత్త కాదు. రాజమహేంద్రవరమున వేసవి 45 డిగ్రీలను తాకుచుండును. చలికాలమున సైతము ఆరోగ్యవంతునకు ఒక దుప్పటి చాలును. కావున అన్నియు మోసికొని వచ్చుట తెలివి కాదన్నది నిర్వివాదము. ఏది ఎప్పుడు ఎట్లు విడువవలెనన్నదే విచారణీయము.

ఇల్లు విడిచిపోవువారికి అయోధ్యాకాండమును మించిన మార్గదర్శి వేరొకటి లేదని నా అభిప్రాయము. అరణ్యమునకు బయలుదేరు ముందు శ్రీరామచంద్రుడు తన ధనమునంతయు పంచిపెట్టెను. ఆ పంచుట ఎట్టిదో గమనింపుడు. సుయజ్ఞునకు శత్రుంజయమను ఏనుగు. కౌసల్యాదేవిని ఆశ్రయించియున్న తైత్తిరీయాచార్యునకు వాహనములు, పట్టువస్త్రములు, అదియు ఆయన తృప్తిచెందునంతవరకు. పేదయైన త్రిజటునకు గోవులు. ఎవరికి ఏది తగునో తలంచి ఇచ్చినాడు గాని, ఇల్లు ఖాళీ చేయుచున్నాను గనుక ఎవరైన పట్టుకొనిపొండని వాకిట కుప్పవోయలేదు. తనకై కోరినవి నారచీరలు, ఒక గునపము, ఒక గంప. అవి అడవిలో నిత్యము పనికివచ్చునవి. సీతాదేవి విషయమున దశరథుడు వేరొక ఏర్పాటు చేసెను. పదునాలుగేండ్లను లెక్కించి, అన్నియేండ్లకు సరిపడు వస్త్రాభరణములను తెప్పించి ఇప్పించెను. కావున ఉంచుకొనుటయు దోషము కాదు. ఎన్నియేండ్లకు, ఎవరికొరకు అను లెక్క ఉండవలెను.

మన ఇండ్లలో ఆ లెక్క ఉండదు. "ఉండనీ, ఎప్పుడైన పనికివచ్చును" అను మాట ఉండును. ఆ "ఎప్పుడైన" అను కాలము ఏ పంచాంగమునను కానరాదు. శ్రీమద్భాగవత సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు ఉపదేశించుచు, కడుపు నిండునంతవరకే మనుష్యునకు తనదను హక్కు కలదనియు, అంతకు మించి నాదనుకొనువాడు దొంగయై దండనార్హుడగుననియు చెప్పెను. ఇది సన్న్యాసులకు చెప్పిన మాట యని మనము తప్పించుకొనజూతుము. కాని అది గృహస్థధర్మములు చెప్పు అధ్యాయము. అన్నమునకు చెప్పినది కంబళికిని వర్తింపకపోదు. పుష్యమాసపు రాత్రి ఒకడు వంతెనక్రింద వణకుచుండగా, వేరొకని ఇంట మూడవ కోటు పెట్టెలో చిమ్మటలకు ఆహారమగుచుండుట ఏ న్యాయమునకు సరిపోవును?

అట్లని శిష్యుని కుమారుని మాటయు నాకు సమ్మతము కాదు. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు యాగమున దక్షిణగా ఇచ్చిన గోవులెట్టివి? త్రాగవలసిన నీరు త్రాగి, మేయవలసిన గడ్డి మేసి, పాలన్నియు పిదుకబడి, ఇక ఈనజాలనివి. చూచినవాడు బాలుడైన నచికేతుడు. ఇట్టివానిని ఇచ్చువాడు ఆనందము లేని లోకములకు పోవునని అతడు భయపడెను. మోచేతులు చిరిగిన స్వెట్టరును, బొత్తాములూడిన కోటును పనిమనిషి చేతిలో పెట్టి పుణ్యము సంపాదించితిమనుకొనుట ఆ గోదానమువంటిదే. ఇచ్చువాడు బరువు తగ్గించుకొనుచున్నాడు. పుచ్చుకొనువాడు ఆ బరువును మోయుచున్నాడు. అది విసర్జనము. దానమను పేరు దానికి చెల్లదు.

రెంటికిని భేదమెక్కడ? గీతాచార్యుడు సాత్త్వికదానమునకు దేశము, కాలము, పాత్రము అను మూడింటిని చెప్పెను. నా శిష్యుని విషయమున ఈ మూడును స్పష్టముగ కుదురుచున్నవి. ఉన్నిబట్టకు దేశము ఢిల్లీయే. దానిని రాజమహేంద్రవరమునకు మోసితెచ్చి ఇచ్చినచో పుచ్చుకొన్నవాడు ఏమి చేసికొనును? పాత్రమును వెదకనక్కరలేదు. రాత్రియంతయు మెలకువతో కాపలాయుండు చౌకీదారు, తెల్లవారకముందే చన్నీట అంట్లుతోము స్త్రీ, రిక్షాలోనే ముడుచుకొని నిద్రించు రిక్షావాడు కన్నులయెదుటనే ఉన్నారు. కాలమొక్కటే జాగ్రత్తగా చూడవలసినది. ప్రయాణము వైశాఖమున. అప్పుడిచ్చినచో ఎండలు మండుచుండును. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని ఆ బట్టతో పనియుండదు. అందుచే అతనికి నేనిట్లు వ్రాసితిని: "నాయనా, మార్గశిరమునందే ఇమ్ము. ఈ చివరి చలికాలమును నీవును మా కోడలును తక్కువ బట్టలతో గడుపుడు. రెండు రజాయిలలో ఒకటి ఇప్పుడే పోవలెను. చలి ఉండగనే ఇచ్చిన కంబళిలో నీ సుఖము కొంత చేరి పోవును. చలిపోయిన పిదప ఇచ్చినదానిలో నీదేదియు పోదు."

ఇచ్చు విధమునుగూర్చియు ఒక మాట వ్రాసితిని. శ్రద్ధతో ఇమ్మని, లజ్జతో ఇమ్మని, భయముతో ఇమ్మని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి చెప్పుచున్నది. ఉతికి, చిరుగులు కుట్టి, బొత్తాములు వేసి, ఇది నీకు సరిపోవునా అని అడిగి, స్వయముగ ఇయ్యవలెను. అక్కరలేదన్నచో నొచ్చుకొనరాదు.

ఇక మా కోడలి మాట. ఆమెది లోభమని నేననుకొనను. ఆ స్వెట్టర్లను ఆమె స్వహస్తములతో అల్లినది. పరాయిచోట వంటరితనమున ఎన్ని మధ్యాహ్నములు ఆ సూదుల చప్పుడుతో గడచినవో ఆమెకే తెలియును. ఆమె యనుమతి లేక భర్త ఒక్కటియు ఇయ్యరాదు. ఇంతియగాక ఆమె భయములో సత్యము కొంత కలదు. వయస్సు మీరినకొలది శరీరము చలికి ఓర్వదు. ధనుర్మాసమున తెల్లవారుజామున స్నానమాడి తిరుప్పావై గోష్ఠికి పోవు వృద్ధునకు గోదావరిగాలి చాలు, దగ్గు పట్టుటకు. సముద్రమట్టమునకు 850 మీటర్ల ఎత్తుననున్న తిరుమలలో ఆ నెల రాత్రులు సంగతి యాత్రికులందరు ఎరుగుదురు. కావున ఇరువురికి చెరియొక స్వెట్టరు, చెరియొక శాలువ, ఆయనకొక మఫ్లరు ఉండుట న్యాయము. అంతకుమించినది అవసరమునకు కాదు, భయమునకు. కూరత్తాళ్వానుల కథ సంప్రదాయజ్ఞులెరిగినదే. సర్వస్వము విడిచి శ్రీరంగమునకు పోవుచు, అడవిలో భార్య భయపడగా, నీయొద్ద ఏమున్నదని ప్రశ్నించి, ఆమె తెచ్చిన బంగారుగిన్నెను పొదలలోనికి విసరివేసిరి. (దీనినిబట్టి శాలువలు వీధిలో విసరుమని ఎవరును అర్థము చేసికొనకుందురు గాక! ఆ గిన్నె భయకారణము. శాలువ వేరొకని చలికి ఔషధము.)

మిగిలినది తండ్రిగారి కోటు. ఇక్కడ శాస్త్రము సులభముగ పలుకునని నాకు తోచదు. గతించినవారి పేర శయ్యాదానము చేయించు మన పెద్దలు పడక, వస్త్రము, గొడుగు, పాదరక్షలు ఇతరుని వినియోగమునకే ఇప్పించిరి. కాని భరతుడు పాదుకలను ఎవరికిని ఈయక పదునాలుగేండ్లు నిలుపుకొన్నాడు. ఆయన వానిని పెట్టెలో దాచలేదు. సింహాసనముపై నుంచి, రాజ్యకార్యమునంతయు వానికి నివేదించుచు నడపెను. జ్ఞాపకవస్తువు మనచేత ఏదైన చేయించుచున్నచో ఉంచుకొనవచ్చును. ఊరక పడియుండి మనస్సును బరువెక్కించుచున్నచో దాని సంగతి ఆలోచింపవలెను.

ఆ తండ్రిగారిని నేనెరుగుదును. బదరీయాత్ర చేయవలెనని ఆయన పలుమార్లు అనెడివారు, చేయలేకపోయిరి. తిరుమంగయాళ్వారులు మంగళాశాసనము చేసిన ఆ దివ్యదేశము దాదాపు 3,100 మీటర్ల ఎత్తుననున్నది. ద్వారములు వైశాఖమున తెరచి, కార్తికానంతరము మూయుదురు. మూయునపుడు స్వామికి నేతిలో తడిపిన ఉన్నికంబళి కప్పుదురు. దానిని సమీపముననున్న మాణాగ్రామపు స్త్రీలు నేయుదురు. మరల తెరచినపుడు దాని పోగులే యాత్రికులకు ప్రసాదము. పూరీలో జగన్నాథస్వామికి మార్గశిర శుద్ధ షష్ఠినాడు చలిదుస్తులు ధరింపజేసి, మాఘ శుద్ధ పంచమివరకు ఉంచుదురు. స్వామికే ఋతువునుబట్టి ధారణము, ఋతువునుబట్టి విడుపు.

కావున శిష్యునకు ఇట్లు వ్రాసితిని: దక్షిణమునకు దిగుటకు ముందే ఋషికేశము, దేవప్రయాగల మీదుగా దంపతులు బదరికి పొండు. ఆ కోటు నీవు ధరించి స్వామిని సేవింపుము. తిరిగివచ్చునపుడు నీ మనస్సు అంగీకరించినచో అక్కడి చలిలో పనిచేయు ఏ కూలివానికైన ఇమ్ము. అంగీకరింపనిచో ఇంటికి తెచ్చుకొమ్ము. అందు నేను దోషమెంచను.

తెచ్చుకొన్నవానిని గోదావరీమండలమున కాపాడుట తేలిక కాదని మా కోడలికి వేరుగా చెప్పవలసియున్నది. అక్కడి తేమకు ఉన్ని త్వరగా ముక్కవాసన పట్టును. శ్రీపంచమి వెళ్లిన పిమ్మట ఉతికి, రెండు దినములు ఎండనిచ్చి, ఎండిన వేపాకు నడుమవేసి, పాత పంచెలో గట్టిగా మూటగట్టవలెను. కలరా ఉండలు వేసినను మంచిదే గాని, మడిధావళి ఉన్న పెట్టెలో వేయరాదు. సంధ్యావందన సమయమున ఆ వాసన భరింపరానిది. వర్షాకాలము మధ్య ఒకమారు ఎండ కాచిన దినమున విప్పి చూచుకొనవలెను.