ఛాయాచిత్రము చెప్పని సాక్ష్యము

సెప్టెంబరు వచ్చెనా, మన పత్రికలలో ఒక ఛాయాచిత్రము మరల కనబడును. 1948 సెప్టెంబరు 18న నిజాము సేనాని ఎల్ ఎద్రూస్, జనరల్ చౌదరికి లొంగిపోయిన చిత్రమది. అందు నెత్తురు బొట్టు లేదు. చిత్రము అబద్ధము కాదు. అయినను చూచువారు అంతటితో అంతయు శాంతించెననుకొందురు.

అంతకు ముందు రజాకార్లు ఊళ్లు తగులబెట్టిరి, మనుష్యులను చంపిరి. ఆ మాట మన పెద్దలు చెప్పుచునే యుందురు. చెప్పని మాట వేరొకటి గలదు. సైన్యము వచ్చిన దినములలోను, ఆ తరువాతను, రజాకార్లతో ఏ పొత్తును లేని ముస్లిములు అనేకులు చంపబడిరి. ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము, తక్కువగా లెక్కించినను 27,000 నుండి 40,000 మంది చనిపోయిరని వ్రాసెను. ఆ నివేదిక అనేక సంవత్సరములు ప్రజల కంటబడలేదు. అందులో మన మెదకు జిల్లా పేరును ఉన్నది. నాడు దానికి సంగారెడ్డియే ముఖ్యపట్టణము.

చూచినదానిలో సగము చెప్పి సగము మ్రింగిన సాక్షిని న్యాయాధిపతి మెచ్చునా? కెమెరాకు నోరు లేదు. దానిని ఎటు త్రిప్పవలెనో, ఏది అచ్చువేయవలెనో మనుష్యుడే నిర్ణయించును. తుపాకి పట్టిన రజాకారు బొమ్మనే పదే పదే చూచిన కన్ను, పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మన ప్రక్కన షిఫ్టు చేయు ముస్లిము సోదరునియందును ఆ రజాకారునే వెదకును. అతని తాత ఆ సెప్టెంబరులో ఏమాయెనో మనలో ఎవరైనను అడిగితిమా?