రోగి మాటకు ప్రమాణ స్థానం: స్త్రీల గుండె జబ్బు, వైద్యుల చదువు

ప్రపంచంలో చనిపోయే స్త్రీలలో దాదాపు 35 శాతం మందిని బలిగొంటున్నవి గుండె, రక్తనాళాల జబ్బులే. 2021లో లాన్సెట్ కమిషన్ ఇచ్చిన లెక్క ఇది. ఇంత పెద్ద జబ్బు చదువుకున్న వైద్యుడి కళ్లముందు నుంచే ఎలా జారిపోతుంది? అమెరికాలో 500 మంది వైద్యులను అడిగి 2005లో ప్రచురించిన సర్వే కొంత జవాబు చెబుతుంది. అప్పట్లో అక్కడ ఏటా ఈ జబ్బులతో మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువమంది చనిపోయేవారు. ఆ సంగతి తెలిసిన వైద్యులు ఐదింట ఒక వంతు కూడా లేరు. వయసు, బీపీ, కొలెస్టరాల్ వగైరాలన్నీ కలిపి లెక్కగడితే ప్రమాదం సమానంగా తేలిన స్త్రీ పురుషుల్లో, స్త్రీకే ప్రమాదం తక్కువని అంచనా వేసే ధోరణి కూడా అందులో బయటపడింది. మొదటిది సమాచార లోపం. ఒక ఉపన్యాసంతో తీరుతుంది. రెండోది అలా తీరదు. అంకెలు చేతిలో ఉండగానే తీర్పు ఒక పక్కకు ఒరిగింది. దేనివల్ల తెలుసుకుంటున్నాం, ఎవరి మాట నమ్ముతున్నాం, కనబడనిదాన్ని ఎప్పుడు లేదనవచ్చు అన్న ప్రమాణశాస్త్ర ప్రశ్నలు ఇక్కడే మొదలవుతాయి.

తర్కశాస్త్రం లక్షణానికి, అంటే నిర్వచనానికి, చెప్పే దోషాల్లో అవ్యాప్తి ఒకటి: చేరవలసినవాటిలో కొన్నిటిని బయట వదిలేయడం. ఆవు అంటే కపిలవర్ణం గలది అని నిర్వచిస్తే తెల్లావు ఆవు కాకుండా పోతుంది. గుండె జబ్బుకు ఇరవయ్యో శతాబ్దపు వైద్యం చెప్పుకున్న లక్షణంలో ఈ దోషం ఉంది. 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ గుండె అధ్యయనంలో స్త్రీలు సగానికి మించే ఉన్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఎంఆర్‌ఫిట్ అనే పెద్ద నివారణ పరీక్షలో చేరిన 12,866 మందీ పురుషులే. ఆస్పిరిన్ గుండెపోటును తగ్గిస్తుందని 1980లలో నిరూపించిన అధ్యయనంలో ఉన్న 22,071 మంది వైద్యులూ పురుషులే. గర్భం దాల్చే వయసు స్త్రీలను తొలిదశ మందుల పరీక్షలకు దూరంగా ఉంచమని 1977లో అమెరికా ఔషధ సంస్థ మార్గదర్శకం ఇచ్చింది. 1993లో గానీ దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఆస్పిరిన్‌ను దాదాపు 40,000 మంది స్త్రీలపై పదేళ్లు పరీక్షించి 2005లో గానీ ఫలితం చెప్పలేదు. అది వాళ్లలో పక్షవాతాన్ని కొంత తగ్గించింది గానీ, మొత్తమ్మీద మొదటి గుండెపోటును చెప్పుకోదగినంతగా తగ్గించలేదు. పురుషుల్లో చూసినది స్త్రీలకూ వర్తిస్తుందని పరీక్షించకుండానే అనుకోవడం ఎంత బలహీనమైన అనుమానమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ దోషాన్ని సరిదిద్దబోయి మరోవైపు నుంచి అదే దోషంలో పడటం కూడా జరిగింది. ఆడవాళ్లకు గుండెపోటులో ఛాతీ నొప్పి రాదు, వచ్చేది నీరసం, ఆయాసమే అన్న మాట వైద్యవిద్యలోనూ, ప్రచారంలోనూ బాగా పాకింది. 55 ఏళ్లలోపు రోగులను పరిశీలించి 2018లో ప్రచురించిన వర్గో అధ్యయనం ఇది నిజం కాదని తేల్చింది. ఛాతీలో నొప్పి, బరువు, బిగింపు స్త్రీలలో 87 శాతం మందికి, పురుషుల్లో 89.5 శాతం మందికి వచ్చాయి. తేడా అల్లా, స్త్రీలలో దానితోపాటు వికారం, దడ, దవడ నొప్పి, వీపు నొప్పి వంటివి మూడో నాలుగో కలిసి రావడం ఎక్కువ. స్త్రీ దేహాన్ని వేరే జాతిగా బోధించడం కూడా అవ్యాప్తే, ఛాతీ నొప్పితో వచ్చే స్త్రీలే ఆ లక్షణంలోంచి జారిపోతారు. పాఠం చెప్పేవారు ఈ రెండో తప్పు విషయంలో మొదటిదానికంటే జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఇది సంస్కరణ వేషంలో వస్తుంది.

అదే అధ్యయనంలో అసలు బాధ కలిగించే అంకె ఇంకొకటి ఉంది. గుండెపోటుకు ముందే లక్షణాలతో వైద్యుల దగ్గరికి వెళ్లినవారిలో, ‘ఇది గుండెకు సంబంధించినది కాదు’ అన్న అభిప్రాయం ఎదురైనవారు పురుషుల్లో 37 శాతం, స్త్రీలలో 53 శాతం. నొప్పి చెప్పుకున్నారు, చెప్పినదానికి తూకం తగ్గింది. 2006లో ప్రచురించిన మరో అధ్యయనంలో వైద్య విద్యార్థులకు ఒకే రోగ వృత్తాంతాన్ని ఒకచోట పురుషుడిదిగా, ఒకచోట స్త్రీదిగా ఇచ్చారు. వృత్తాంతంలో మానసిక ఒత్తిడి ప్రస్తావన చేరగానే స్త్రీ విషయంలో గుండె జబ్బు అనుమానం తగ్గి ఆందోళన అన్న నిర్ణయం పెరిగింది. పురుషుడి విషయంలో అలా జరగలేదు. ఒత్తిడి ఉన్నంత మాత్రాన గుండె జబ్బు లేకుండా పోదు కనుక, తర్కం ప్రకారం అది అనైకాంతిక హేతువు, అంటే ఏ నిర్ణయానికీ చాలని కారణం.

వినేవాడి దురభిప్రాయం వల్ల చెప్పేవారి మాటకు విలువ తగ్గడాన్ని బ్రిటిష్ తత్త్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో ఒక ప్రత్యేకమైన అన్యాయంగా గుర్తించింది. న్యాయదర్శనం ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చాలా ముందే పట్టుకుంది. గౌతముడి సూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడి ప్రకారం, ఎవరి మాటను ప్రమాణంగా తీసుకోవచ్చో ఆ ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగి, ఉన్నదున్నట్టు చెప్పగోరేవాడు. ఈ లక్షణం రుషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని ఆయన స్పష్టంగా అన్నాడు. పుట్టుకను బట్టి గానీ, చదువును బట్టి గానీ ఆప్తత్వం రాదు. ఆ లెక్కన తన ఛాతీలోని బరువు గురించి చెప్పే స్త్రీయే ఆ బరువు విషయంలో ఆప్తురాలు. దానికి కారణం ఏమిటన్నది వైద్యుడు తేల్చాలి. అది ఉందా లేదా అన్నది కాదు.

ఇక యాంజియోగ్రామ్ సంగతి. పెద్ద ధమనుల్లో అడ్డంకి కనబడకపోతే ‘గుండె బాగుంది, గ్యాస్ అయ్యుంటుంది’ అని ఇంటికి పంపేస్తారు. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ప్రమాణంగా ఒప్పుకుంటూనే గట్టి షరతు పెట్టారు: ఉంటే కనబడి తీరవలసిన వస్తువు కనబడకపోతేనే లేదనాలి. గుండె కండరంలోని సన్నని రక్తనాళాలు మామూలు యాంజియోగ్రామ్‌కు అందవు. 1996లో అమెరికాలో మొదలైన వైజ్ అధ్యయనం, పెద్ద ధమనులు శుభ్రంగా ఉన్న స్త్రీలలో చాలామందికి ఈ చిన్న నాళాల్లో లోపం ఉందని, వాళ్ల భవిష్యత్తు నిశ్చింతగా ఏమీ లేదని చూపింది. శుభ్రమైన యాంజియోగ్రామ్ పెద్ద ధమనుల గురించి చెప్పే మాట మాత్రమే.

చరకసంహిత విమానస్థానం ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం అనే మూడింటితో రోగాన్ని తెలుసుకోమంటూ, కొన్ని విషయాలను మాత్రం రోగిని అడిగే తెలుసుకోవాలని విడిగా పేర్కొంది. రోగి సుఖదుఃఖాలు వాటిలో ఉన్నాయి. స్త్రీల గుండె విషయంలో అలా అడిగి తెలుసుకోవలసినవి ఇంకా ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా? షుగర్ వచ్చిందా? నెలలు నిండకముందే కాన్పు అయిందా? ముట్లు ఏ వయసులో ఆగాయి? గర్భకాలంలో బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా, గర్భకాలపు మధుమేహం తర్వాతి కాలంలో గుండె జబ్బు ప్రమాదాన్ని పెంచే అంశాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011 మార్గదర్శకాల్లో చేర్చింది. కాన్పయి ఇరవై ఏళ్లు గడిచిన మనిషి ఈసీజీలో ఇవేవీ రాసి ఉండవు. ఈ ప్రశ్నలను ప్రసూతి వార్డుకే వదిలేయకుండా ఎమర్జెన్సీలో, మెడిసిన్ ఓపీలో పనిచేసే ప్రతి వైద్యుడికీ, నర్సుకూ నేర్పాలి. వచ్చిన జవాబును కేస్ షీట్‌లో రాయించాలి.