అరుగు మీది నలుపు

మా వాడలో అరుగు కడగడంలో నాకు పేరుంది. బతుకమ్మ పండుగ దగ్గర పడుతుంటే అందరూ గోడలకు సున్నాలు వేయించే హడావుడిలో ఉంటారు. నేను లుంగీ పైకి కట్టి, బకెట్టు పక్కన పెట్టుకుని అరుగు మీద ఉంటాను. "సారు అరుగు మీద ఇస్తరి లేకుండనే అన్నం తినొచ్చు" అని పోతూ పోతూ ఎవరో ఒకరంటారు. "అంతేం లేదులే" అని చెయ్యి ఊపుతాను. ఆ ఊపులో వినయం ఎంతో నాకు తెలుసు. ఆ మాట ఇంకో ఇద్దరి చెవిన పడిందా లేదా అని అప్పటికే పక్కకు చూసి ఉంటాను.

ఈ పేరు మీద ఈ మధ్య నాకు అనుమానం పుట్టింది. అరుగుకేం, బాగానే మెరుస్తోంది. అసలు నేను ఎందుకు కడుగుతున్నాననేదే అనుమానం.

ఇల్లు బాపు రిటైరైనప్పుడు వచ్చిన పైసలతో కట్టింది. అరుగుకు పరిచినవి తాండూరు బండలు. బెల్లంపల్లిలో ఈ మాటంటే పొరబడేవాళ్లుంటారు. మా పక్క మండలం తాండూరు కాదు, వికారాబాద్ జిల్లా తాండూరు. పొరలు పొరలుగా లేచే ఆ రాయి సున్నపురాయి, దానికి పులుపు పడదు. నిమ్మరసమో, చింతపండు పులుసో, వెనిగరో పోస్తే సన్నగా నురగ లేస్తుంది. జనం మురికి పోతోందని సంబరపడతారు. పోయేది రాయి. ఆరాక చూస్తే మెరుపు చచ్చి, గరుకు తేలి ఉంటుంది. వెనిగర్‌లో తినేసోడా కలిపి పోసే చిట్కా ఇంకా తమాషా. రెండూ ఒకదాని బలాన్ని ఒకటి తీసేసుకుంటాయి, పొంగు అణిగాక మిగిలేవి ఏదో ఉప్పు కలిసిన నీళ్లే. బ్లీచింగ్ పౌడరులో బాత్రూం యాసిడ్ కలిపేవాళ్లనైతే చెయ్యి పట్టుకుని ఆపాల్సిందే, అందులోంచి వచ్చే క్లోరిన్ ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఇవన్నీ నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి అరుగు ముందు నిలబడ్డ ప్రతివాళ్లకూ తెలియాలి, అదీ నా రోగం.

నా పద్ధతి కుంకుడు రసం. కుంకుళ్లు రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, గుడ్డలో వడగడితే వస్తుంది. జిడ్డుతో కలిసి పట్టిన మసిని మెత్తగా లేపుతుంది. మొండి మరకకు కట్టెల బూడిద నానబెట్టి పైన తేరిన తేట వాడతాను. కట్టెల బూడిదే కావాలి. బొగ్గు బూడిదలో ఆ క్షారం ఉండదు, గరుకుగా గిన్నెలు తోమడానికి పనికొస్తుంది అంతే. బొగ్గు పొయ్యిల కాలంలో అవ్వ రెండు బూడిదలనూ రెండు డబ్బాల్లో పెట్టేది, ఎందుకో ఎవరూ ఆమెకు చెప్పలేదు. నూనె మరక పడితే ముల్తానీ మట్టి ముద్ద పట్టించి ఎండనిస్తాను. పసుపుబారిన తాజ్‌మహల్ పాలరాయికి పురావస్తు శాఖవాళ్లు పట్టించేది కూడా అదే మట్టి. తాజ్‌మహల్ మాట రాకుండా ఈ మట్టి సంగతి ఎవరికైనా చెప్పానా అంటే, గుర్తు లేదు.

"కెమికల్ ఒక్క చుక్క వాడను" అంటుంటాను. మాట నాది, కష్టం మా ఆవిడది. కుంకుళ్లు కొట్టి గింజలు తీసేది ఆమె. పొద్దున్నే ఆ రసం పిసికేదీ ఆమే. వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడతాయి, గోరు పక్కన చిన్న గీత ఉన్నా ఆ జిగురు తగిలి భగ్గుమంటుంది. బూడిద జల్లెడ పట్టేదీ ఆమే. నేను చేసేది చివరి అంకం, వీధికి కనిపించేది. ఇంటి వెనక గిన్నెలు తోమే గచ్చు మీద నేను చీపురు వేసిన జ్ఞాపకం లేదు. "ఆ ఎనుక గచ్చును గూడ జర చూడుండ్రి" అని ఆమె ఓసారి అడిగింది. చూస్తానన్నాను. వెనక గచ్చు దగ్గర మెచ్చుకునేవాళ్లు ఉండరు. చూడకపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణమేదైనా ఉందేమోనని వెతికాను, దొరకలేదు.

ఇంకో సంగతి. పండుగలు వదిలేస్తే, నేను అరుగు కడిగిన రోజులు చాలావరకు కోపం వచ్చిన రోజులే. తమ్ముడితో ఫోన్లో మాటా మాటా అనుకున్న రోజు. కొడుకు హైదరాబాద్ నుంచి ఈసారి రావడం కుదరదన్న రోజు. నేను ఎవరి మీదా అరవను, బ్రష్షు తీసుకుంటాను. దానివల్ల శాంతమైన మనిషినని ఇంకో పేరు కూడా కలిసొచ్చింది. అరుగు మీది టేకు బల్లకు ఏటా అవిసె నూనె పట్టిస్తాను. ఆ నూనె గుడ్డల్ని ముద్దగా చుట్టి మూలకు పడేస్తే వాటంతట అవే అంటుకోవచ్చు. గాలి తగిలి నూనెలో వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే నిప్పవుతుంది. బొగ్గుకూ ఇదే గుణం. బాయిలో బొగ్గు తీసేసిన చోట్లను గాలి ఆడకుండా గోడలు కట్టి మూసేది అందుకే. కోపాన్ని మింగడం అని నేను అనుకున్నది, ఇప్పుడు చూస్తే, గుడ్డను ముద్ద చుట్టి మూలన పెట్టడమే. నూనె గుడ్డల్ని మాత్రం తీగ మీద విడివిడిగా ఆరేస్తాను. అక్కడ నేను మహా జాగ్రత్తపరుణ్ణి.

అయితే నన్ను నిజంగా ఇరుకున పెట్టింది కోపం కాదు, నలుపు.

వానాకాలం వెళ్లేసరికి అరుగు ఒక కొస నల్లబడుతుంది. అదేంటని ఎవరడిగినా "బొగ్గు" అనేవాణ్ణి. అక్కడితో ఆగేవాణ్ణా? 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ పట్టడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ రావడం, 1920లో దాని స్థానంలో సింగరేణి కంపెనీ ఏర్పడడం, ఆ తర్వాత మా బెల్లంపల్లి వైపు బాయిలు పడడం, ఇంత చరిత్రనూ రెండడుగుల మరక చూపించి చెప్పేవాణ్ణి. వినేవాళ్లు తలూపేవాళ్లు. బొగ్గు ఊళ్లో బొగ్గు మరకను ఎవరు కాదంటారు?

మా పక్కింటి మామ కాదన్నాడు. తట్టా చెమ్మస్‌తో బాయిలో టబ్బులకు బొగ్గు నింపిన మనిషి, కోల్ ఫిల్లర్‌గా రిటైరయ్యాడు. కర్ర ఆనించి అరుగు ఎక్కబోతూ ఆ కొస దగ్గర కాలు జారి తమాయించుకున్నాడు. మెల్లగా వంగి బొటనవేలితో బండను రుద్దాడు, వేలు తిప్పి చూశాడు. "గిది బొగ్గు గాదు అల్లుడా. బొగ్గయితే చేతికి అంటుతది. గిది జారుతాంది. పాకురు." అని, టీ ఉందా అని అడిగాడు.

పాకురును పాకురు అన్నందుకు కోపం రావాల్సిన పని లేదు. నాకు వచ్చింది. ఆయన్ను తప్పని చూపించాలనే బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు తెచ్చి ఒక చుక్క వేశాను. కెమికల్ వాడనన్న మాట ఆ క్షణంలో గుర్తు రాలేదు. పాకురైతే ఆ చుక్క కింద కాసేపటికి రంగు వెలుస్తుంది. బొగ్గు మసి అయితే అట్లాగే ఉంటుంది. మామ టీ తాగి గ్లాసు కింద పెట్టేసరికి అక్కడ రూపాయి బిళ్లంత తెల్లబడింది.

నిజానికి చుక్క అక్కర్లేదు. గాలిలో వచ్చి పడే పొడి అయితే అరుగంతా సమంగా పడాలి. నల్లబడింది వేపచెట్టు నీడ ఉన్నంత మేర, అదీ ట్యాంకు పైపు కిందనే. ట్యాంకులో బాల్ వాల్వ్ పాడై, నిండినప్పుడల్లా నీళ్లు గోడ వెంట కారి ఆ కొసకే చేరతాయి. వాల్వ్ సంగతి నాకు తెలుసు. ఆ కొస జారుతుందనీ తెలుసు, రోజూ వట్టి కాళ్లతో నడిచేది నేనే కదా. పిల్లలకు ఏళ్ల తరబడి సైన్సు చెప్పినవాణ్ణి, నీడా తడీ ఉన్నచోట ఏం పెరుగుతుందో తెలియదనుకోవడం కుదరదు. తెలిసీ బొగ్గు అన్నాను.

ఎందుకన్నాను? మొదట తట్టిన జవాబు బద్ధకం. బొగ్గయితే ఎవరం ఏం చేస్తాం, కడుక్కోవడమే. పాకురయితే నిచ్చెన వేసుకుని ఎక్కి వాల్వ్ మార్పించాలి. బొగ్గు అన్న మాట నా బద్ధకానికి గొడుగు పట్టింది. ఈ జవాబు దొరికాక కొన్నాళ్లు హాయిగానే ఉన్నాను. తప్పు ఒప్పుకున్న తృప్తి కూడా కలిగింది. కానీ బద్ధకానికి అంత చరిత్ర అవసరం లేదు. ఒట్టి బద్ధకస్తుడు విలియం కింగ్ దాకా పోడు.

బాపు శాంతిఖని బొగ్గుబాయిలో పనిచేశాడు. షిఫ్ట్ దిగి, రుద్ది రుద్ది ఒళ్లు కడుక్కున్నా కనురెప్పల అంచుల్లో సన్నటి నల్లగీత ఉండిపోయేది, కాటుక పెట్టుకున్నట్టు. ఒకరోజు నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ఆ కళ్లతోనే బడికి వచ్చాడు. గేటు దగ్గర ఆయన్ను చూసి, పిల్లలు నవ్వుతారని నేను క్లాసులోంచి బయటికి పోలేదు. డబ్బా ప్యూన్ చేతికిచ్చి వెళ్లిపోయాడు. నన్ను చూశాడో లేదో ఎన్నడూ అనలేదు, నేను అడగలేదు. తర్వాత నేను బాయి దిగలేదు. "బాపు దిగనియ్యలేదు" అని చెప్పుకుంటాను. దిగమన్నా దిగేవాణ్ణి కాదు.

1990ల మొదట్లో సింగరేణి కార్మికులు లక్ష పైచిలుకు. ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. మా ఊరి బాయిలు చాలావరకు మూతపడ్డాయి. బెల్లంపల్లి ఏరియా ఆఫీసు కూడా మా ఊళ్లో లేదు, గోలేటిలో ఉంది. చిత్రం ఏమిటంటే బొగ్గు తగ్గేకొద్దీ నాలాంటివాళ్ల నోట బొగ్గు మాట పెరిగింది. బొగ్గుబాయి బిడ్డనని మైకు ముందు చెప్పుకోవడానికి ఇప్పుడు ఖర్చేమీ లేదు, చప్పట్లు కూడా పడతాయి. అరుగు మీది నలుపు బొగ్గే అయితే, దానితో ఏటా నేను కుస్తీ పడుతున్నానంటే, బాపు పడ్డ కష్టంలో నాకూ పిడికెడు వాటా వస్తుంది. పాకురుకు ఆ గౌరవం లేదు. ఏ నలుపును చూసి బడిలో దాక్కున్నానో ఆ నలుపును ఇప్పుడు నాదేనని వాడంతా చూపిస్తున్నాను, అదీ చేతికి అంటకుండా.

ఇంత విడమర్చి రాశాక ఇంకో అనుమానం. ఇదీ అరుగు కడగడం లాంటిదే కాదా? నిజాయితీపరుడన్న పేరు కూడా పేరే. బాపు మాట ఎత్తితే చదివేవాళ్ల మనసు మెత్తబడుతుందని తెలిసే ఎత్తానేమో, ఒట్టేసి కాదని చెప్పలేను. అట్లాగని అంతా డాంబికమే అనడానికీ మనసొప్పడం లేదు. చివరి రోజుల్లో దగ్గు ఎక్కువై లోపల ఊపిరాడక బాపు ఆ అరుగు మీదే కూర్చునేవాడు, చల్లగా ఉందని బండను అరచేత్తో నిమిరేవాడు. కడిగేటప్పుడు ఆ చోట నా చెయ్యి కొంచెం నెమ్మదిస్తుంది. అది ప్రేమా, ఆలస్యంగా కడుతున్న బాకీనా అన్నది తేలలేదు. మీ ఇంట్లో మీరు అందరికన్నా బాగా తోమే చోటు ఏదో, అది ఎవరి కంట పడాలని తోముతారో ఎప్పుడైనా తట్టిందా? తట్టి ఉంటే నాకు కాస్త తోడు దొరికినట్టే.

వాల్వ్ మార్పించాను. వచ్చినతను కిందికి దిగి, ఇంత చిన్న పనికి ఇన్నాళ్లు ఎందుకు ఆగారని మామూలుగానే అడిగాడు. కుండీలకు నీళ్లు పట్టే పైపు కూడా ఆ కొస నుంచి జరిపాను. ఈసారి వానలు పోయాక అక్కడ నలుపు అంతగా లేదు, వేప నీడ కింద పల్చగా ఉందంతే. వెనక గచ్చు ఎప్పటిలాగే ఉంది.

మొన్న మందమర్రిలో ఇల్లు కట్టుకున్న మా బడి కుర్ర మాస్టారు ఒకాయన వచ్చి, బండలు నల్లబడుతున్నాయి, మీ పద్ధతేదో రాసివ్వండి సార్ అన్నాడు. ఒక ఠావు తీసుకుని ఉత్సాహంగా రాశాను. కుంకుళ్లు ఎన్ని, ఎంతసేపు నానాలి, బూడిద తేట ఎట్లా తీయాలి, ముల్తానీ మట్టి, బ్రాకెట్లో తాజ్‌మహల్. ముందు ట్యాంకు కారుతోందేమో చూసుకో అన్నది అట్టడుగున రాశాను, చోటు మిగిలింది కాబట్టి.