నాన్న డీపీలో అమ్మ

నలభై రెండేళ్ళ కాపురంలో నాన్న అమ్మని పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. "ఇదుగో", "ఏమోయ్", అంతే. అమ్మకి గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన వారానికి ఆయన వాట్సాప్ డీపీ మారింది.

అంతకుముందు అందులో జెండా ఉండేది. 2022లో ఆగస్టు 2 నుంచి 15 దాకా అందరూ మువ్వన్నెల జెండా పెట్టుకోమని ప్రధాని పిలుపునిచ్చినప్పుడు పెట్టాడు. 2వ తేదీ పింగళి వెంకయ్య పుట్టినరోజు. ఆ జెండా మన కృష్ణా జిల్లావాడి చేతి చలవ అని నాన్నకి మహా గర్వం. మిగతావాళ్ళంతా పండగ వెళ్ళగానే మార్చేశారు, ఆయన ఉంచుకున్నాడు. అలాంటి జెండాని దించి అమ్మని పెట్టాడు. పెరట్లో సన్నజాజి పందిరి దగ్గర, చేతిలో పూలసజ్జతో, ఎవరో పిలిస్తే ఇటు తిరిగిన అమ్మ. పిలిచిందీ ఫొటో తీసిందీ ఆయనే.

చుట్టాలు ఫోన్ చేసి మరీ అడిగారు, ఏమిటి విశేషమని. "బావుందని పెట్టాను" అన్నాడు. అంతకుమించి ఆయన నోట ఏ మాటా రాలేదు. రావలసిన పనీ లేదు.

మా చిన్నప్పుడు ముందుగదిలో గోడ మీద ఉండే ఫొటో వేరు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, స్టూడియోకి వెళ్ళి, ఊపిరి బిగబట్టి దిగేవారు. ఒకసారి మేకుకి తగిలించాక దండ పడేదాకా దాంట్లో మార్పు ఉండేది కాదు. డీపీ రూపాయి బిళ్ళంత ఉంటుంది, మనసు కదిలినప్పుడల్లా మారుతుంది. అందులో ఏ బొమ్మ ఉందో అందరూ చూస్తారు. ఎప్పుడు మారింది, ఎవరు చూడాలని మారింది అన్నది ఒకరిద్దరికే తెలుస్తుంది. మా పెద్దమ్మ డీపీలో డల్లాస్‌లో పుట్టిన మనవడు ఉంటాడు. ఆ పిల్లవాణ్ణి ఆవిడ ఇంతవరకూ ఎత్తుకోలేదు. కోడలు కొత్త ఫొటో పంపిన ప్రతిసారీ డీపీ మారుతుంది. అది చూడవలసినవాడు కొడుకు.

ముఖం పెట్టని ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. మా ఇళ్ళలో ఉద్యోగాలు చేస్తున్న అమ్మాయిలే ఎందరో గులాబీ పువ్వో, వేంకటేశ్వరస్వామినో పెట్టుకుంటారు. అందరిదీ భక్తి కాదు, సిగ్గు అంతకన్నా కాదు. తమ ఫొటోని ఎవడు తీసుకుని ఏం చేస్తాడోనన్న భయం. ఫొటోని వేరొకరు దించుకోకుండా అడ్డుపెట్టే 'ప్రొఫైల్ పిక్చర్ గార్డ్'ని ఫేస్‌బుక్ 2017లో మొట్టమొదట మన దేశంలోనే తెచ్చింది. ఆ సంగతి తెలిసినప్పుడు మగవాడిగా నాకు తల కొట్టేసినట్టయింది. పువ్వు చాటున దాక్కోవలసిన అవసరం కల్పించింది మనమే.

నాన్న నిరుడు పోయాడు. ఆయన ఫోను ఆపేసి బీరువాలో పెట్టాం. అమ్మ రోజూ సాయంత్రం తన ఫోనులో ఆయన పేరు తెరిచి చూసేది. ఆయన పేరు మీద కనబడేది ఆయన కాదు, తను. ఆయన కంటికి తను ఎలా ఉండేదో అదే చూసుకునేది.

120 రోజులు వాడకపోతే వాట్సాప్ ఆ ఖాతాని తీసేస్తుంది. ఆ సంగతి నాకు తట్టలేదు. ఒక సాయంత్రం అమ్మ ఫోను పట్టుకొచ్చింది. సన్నజాజి పందిరి ఉండవలసిన చోట బూడిదరంగు బొమ్మ ఉంది.

"ఆ ఫొటో నా దగ్గర ఉందమ్మా, నీ ఫోన్లోకి పంపిస్తాను" అన్నాను.

"ఫొటో నా దగ్గరా ఉందిరా. మీ నాన్న పెట్టుకున్నది పోయింది" అంది.

నాకు జవాబు దొరకలేదు.

ఆగిపోయిన నంబరుని కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరు. ఆ గడువు దాటాక ఇంకొకరికి ఇస్తారు. ఇప్పుడు నాన్న పేరు మీద ఎవరిదో బోసినవ్వుల చంటిపాప ఉంది. అమ్మ ఆ నంబరు తీసెయ్యలేదు. సాయంత్రాలు ఆ పాపని చూస్తుంది.