అడుగని దానము

అడుగక తీసికొనుట దొంగతనమని శాస్త్రములన్నియు చెప్పుచున్నవి. అడుగక యిచ్చుట యేమగును? పారిస్ నగరపు గోడబొమ్మలను గూర్చి చదువుచుండగా నాకీ సంశయము కలిగినది.

1978లో జపానుదేశమున నిషికాడో తొమోహిరో యనునతడు 'స్పేస్ ఇన్‌వేడర్స్' అను వీడియో ఆటను కల్పించెను. అందు ఆకాశమునుండి వరుసలుగా దిగు శత్రువులు చదరపు చుక్కల కూర్పులు. ఆనాటి యంత్రము అంతకంటె నున్నని రూపమును చూపజాలదు. 1998 మొదలు 'ఇన్‌వేడర్' అను మారుపేరుగల ఫ్రెంచి చిత్రకారుడు చుక్కకొక పింగాణిబిళ్ల చొప్పున ఆ రూపములను కూర్చి వీథిగోడల కతికించుచున్నాడు. ముఖము చూపడు, గోడగలవానిని సాధారణముగా నడుగడు.

"బొమ్మ బాగున్నది గదా, తప్పేమి?" అందురు. పొరుగువారు మన వాకిట చెప్పక ముగ్గు పెట్టిపోయినచో, అదెంత చక్కనిదైనను ఇల్లాలు నొచ్చుకొనదా? ముగ్గయిన తుడిచిన పోవును, సిమెంటు పోదు.

ఇంతవరకు నా తీర్పు సులభముగనే యుండెను. కాని 2017లో పారిస్‌నందు కొందరు నగరపాలకసంస్థ పనివారి వేషమున వచ్చి యీ బొమ్మలను పెకలించుకొనిపోయిరి. వారు తనవారు కారని సంస్థ చెప్పెను. నష్టపడిన దెవ్వరు? అనుమతిలేక అతికించిన చిత్రకారుడు నాదని యెట్లనగలడు? గోడ యజమాని దానిని కోరనేలేదు. ఆ మూల తిరుగునపు డెల్ల తలయెత్తి చూచుకొను బాటసారి సొత్తే పోయినదని నాకు తోచుచున్నది. అతని చేత పత్రము లేదు. అలవాటు మాత్రము కలదు. దానిని హక్కనవచ్చునా? అనవలెననియే నా మనసు చెప్పుచున్నది, న్యాయవాదులు నవ్వినను సరే.

పోయిన బొమ్మలను కొందరు అభిమానులు అట్టి బిళ్లలే తెచ్చి మరల నతికించుచున్నారు. వారును గోడగలవారి నడిగినట్లు లేదు.