తుమ్మెదకు చోటు

మన ప్రబంధాల్లో తుమ్మెద అంటే పువ్వు మారే మగవాడు. పోతన భాగవతం దశమ స్కంధంలో గోపిక నిలదీసే తుమ్మెద కూడా కృష్ణుడి తరఫు మనిషే. ఆడవాళ్ళు పాడుకున్న తుమ్మెద పదాల తీరు వేరు. వాటిలో తుమ్మెద కష్టసుఖాలు చెప్పుకునే నేస్తం. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఈ పదాలను పేర్కొన్నాడు కాబట్టి, ఆ నేస్తం వయసు తక్కువేమీ కాదు.

పెరట్లో వంగపూల మీద పనిచేసే తుమ్మెద ఆడది. మగవీ పూల మీద వాలతాయి, తేనె తాగి పోతాయి. పిల్లల కోసం పుప్పొడి మోసుకెళ్ళేది ఆడదే. వంగపువ్వులో పుప్పొడి గొట్టాల్లాంటి కేసరాల లోపల ఉంటుంది. కొసనున్న సన్నని రంధ్రం గుండానే రాలాలి. తుమ్మెద పువ్వుని గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండా వాటి కండరాలను మాత్రమే కంపింపజేస్తుంది. ఆ ఝుంకారానికి పుప్పొడి జల్లుగా రాలుతుంది. గాలికీ కొంత రాలుతుంది గానీ, ఈ విద్య తేనెటీగలకు రాదు. పెట్టెల్లో పెంచే ఇటలీ ఈగకీ, మన పుట్టతేనె ఈగకీ కూడా.

ఎండుకర్ర తొలిచి, పుప్పొడీ తేనే కలిపిన ముద్ద మీద ఒక్క గుడ్డు పెట్టి, రంపపుపొట్టుతో అడ్డుగోడ కట్టి, మళ్ళీ ఇంకో గది మొదలుపెడుతుంది. అలా మా అమ్మ వసారా దూలాన్ని తొలిచింది. "మన ఇల్లు పాడుచేసేదానికి మనమెందుకే చోటివ్వడం?" అంది అమ్మ.

వంకాయ కాపు పెరుగుతుందని చెప్పి ఒప్పించవచ్చు. పర్యావరణ శాస్త్రం దీన్ని 'సేవ' అంటుంది, దానికి రూపాయల్లో విలువ కడుతుంది. ఆడవాళ్ళ ఇంటిపనిని జాతీయాదాయ లెక్కలు ఎందుకు వదిలేశాయని 1988లో మెరిలిన్ వేరింగ్ పుస్తకం రాసినప్పటి నుంచీ ఆ లెక్క అవసరమని మనమూ అంటున్నాం. అవసరమే. కానీ లెక్కలోకి వస్తేనే చోటు అంటే, మంచాన పడ్డ అమ్మమ్మ అన్నం ఎవరి పద్దులో రాయాలి? తుమ్మెద మనకి సేవ చెయ్యడం లేదు. తన పిల్లలకి తిండి కూడబెట్టుకుంటోంది. అందులో మనకి వంకాయ దక్కడం మన అదృష్టం. ఆ చోటు మనం దయతో ఇచ్చేదీ కాదు. ఎండుకొమ్మలు నరికి, దాని ఇల్లు ముందు తీసేసింది మనమే.

ఇదంతా చెబితే అమ్మ, "దూలం సంగతి చెప్పు," అంది. న్యాయమైన మాటే. దూలానికి రంగు వేయించాం. రంగు వేసిన కర్ర జోలికి అది పెద్దగా రాదు. ఒక కొసన కణుపు ఉంచి కోసిన ఎండు వెదురు బొంగులు చూరుకి కట్టాం. పూత మీద మందు కొట్టడం మానేశాం. వేసవిలో ఒక బొంగు కింద సన్నటి పొట్టు రాలింది.

తలుపు మూల మట్టిగూడు కట్టే కందిరీగ విషయంలో మాత్రం మా ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు.