పరిహారము దయ కాదు, ఋణము

మన పని చేయుచు ఒక మనిషి గాయపడినప్పుడు సాధారణముగా మన నోట మూడు మాటలు వెలువడును. "వాని అజాగ్రత్త" అనునది మొదటిది. "తెలిసియే ఒప్పుకొన్నాడు గదా" అనునది రెండవది. "వాని నుదుట అట్లు వ్రాసియున్నది" అనునది మూడవది. ఈ మాటలు పలికిన పిదప ఆసుపత్రి ఖర్చునకు కొంత పైకమిచ్చి, అది మన దయాగుణమునకు నిదర్శనమని తృప్తిపడుదుము. ఆ పైకము నిజముగా దయయా? లేక మనము తీర్చవలసిన ఋణమా? సద్భక్తులు విచారింపవలసిన ప్రశ్న ఇది.

ఈ ప్రశ్న న్యాయస్థానముల ముందునకు వచ్చి దాదాపు రెండు వందల ఏండ్లైనది. ఇంగ్లండులో ఫౌలర్ అను మాంసపు వర్తకుని వద్ద ప్రీస్ట్‌లీ అను సేవకుడుండెను. యజమాని సరకుతో పోవుచుండగా అధికభారముచే బండి విరిగి, సేవకుని తొడ ఎముక విరిగెను. యజమాని బాధ్యుడు కాడని 1837లో తీర్పు వెలువడినది. బండి స్థితి యజమానికి ఎంత తెలియునో సేవకునికిని అంత తెలియును, ఇష్టము లేనిచో అతడు ఎక్కకుండ ఉండవచ్చునని న్యాయమూర్తి తలచెను.

ఎంత సులభమైన తర్కము! ఎక్కనని చెప్పిన సేవకునికి మరునాడు పని ఎవరిత్తురు? ఆకలి చెప్పించిన "సరే"ను స్వేచ్ఛతో ఇచ్చిన సమ్మతిగా లెక్కించుట ధర్మమగునా? ఈ సంగతిని పూర్తిగా గ్రహించుటకు అచటి చట్టమునకు అరువదేండ్లు పట్టినది. జర్మనీలో 1884లో కార్మికులకు ప్రమాద బీమా ఏర్పడినది. బ్రిటనులో 1897లో పరిహారపు చట్టము వచ్చినది. మన దేశమున 1923లో కార్మికుల నష్టపరిహార చట్టము చేయబడినది. 2020లో పార్లమెంటు ఆమోదించి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతియందును ఆ మూలసూత్రమే నిలిచియున్నది. పనితో సంబంధము కనబడినచో, ఇంటినుండి పనికి వచ్చిపోవు దారిలో జరిగిన ప్రమాదమును కూడ ఆ స్మృతి పరిగణించుచున్నది.

ఆ సూత్రమేమి? పని కారణముగా, పని కాలమున కలిగిన గాయమునకు యజమాని పరిహారమియ్యవలెను. యజమాని తప్పు చేసెనని పనివాడు ఋజువు చేయనక్కరలేదు. "నాకు పరిహారమక్కరలేదు" అని ముందుగా వ్రాయించుకొన్న కాగితము చెల్లదు. మత్తులో ఉండి గాయపడినను, రక్షణ కొరకు అమర్చిన దానిని బుద్ధిపూర్వకముగా తొలగించి గాయపడినను యజమానికి మినహాయింపు కలదు. కాని మరణము గాని, సంపూర్ణమైన శాశ్వత వైకల్యము గాని సంభవించినచో ఆ మినహాయింపును చెల్లదు. ముప్పది ఏండ్లవాడు మరణించినచో, జీతమునకు ప్రభుత్వము విధించిన పరిమితికి లోబడి, నెలజీతములో సగమును 207.98తో హెచ్చవేయుదురు. బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తిలో నూటికి 30 వంతులు పోయినట్లు లెక్క. చట్టము సంపాదనను మాత్రమే లెక్కింపగలదు. బిడ్డను ఎత్తుకొను చేతికి, అన్నము కలుపుకొను చేతికి, కరతలమున లింగమును నిలుపుకొను చేతికి వెల కట్టగల పట్టిక ఏదియు లేదు.

తప్పు చేయనివాడు ఋణగ్రస్తుడెట్లగునని కొందరు అడుగుదురు. పిండిమర యజమాని మరకు నూనె పోయించును, అరిగిన బెల్టును మార్పించును, కరెంటు బిల్లు కట్టును. ఈ ఖర్చులన్నియు పోగా మిగిలినదే అతని లాభము. ఏండ్ల తరబడి తిరుగు యంత్రము ఏనాడో ఒకనాడు ఒకని వ్రేలిని పట్టుకొనవచ్చునని అందరికిని తెలియును. ఆ వ్రేలు కూడ ఆ వ్యాపారపు ఖర్చే. దానిని యజమాని భరింపనిచో ఎవరు భరింతురు? గాయపడినవాని భార్య నగలు కుదువపెట్టి భరించును, అతని పిల్లలు బడి మాని భరింతురు. అనగా ఆ నిరుపేద కుటుంబమే యజమాని లాభమునకు చందా కట్టుచున్నది. ఫలము ఎవరిదో ప్రమాదభారమును వారిదే. ఋణమను మాటకు అర్థమిదియే.

ఇక అజాగ్రత్త అను మాట. వెయ్యిమార్లు సరిగా చెరకు అందించిన చేయి, ఎనిమిదవ గంటలో ఒక్కసారి తడబడును. అది దోషము కాదు, మనిషి స్వభావము. "జాగ్రత్తగా ఉండుము" అని హెచ్చరించుట సులభము, ఖర్చు లేనిది. గానుగ రోలర్లకు అడ్డుకంచె, తిరుగు బెల్టుకు తొడుగు, పరంజాకు గట్టి కట్లు, పైకెక్కినవానికి నడుము పట్టీ అమర్చుట ఖర్చుతో కూడినది. ఒక్క తడబాటునకు ప్రాణము మూల్యము కాకుండునట్లు పనిని అమర్చుటయే నిజమైన జాగ్రత్త. ఆ జాగ్రత్త మొదట పని చేయించువాని విధి.

విధివ్రాత అను మూడవ మాట మిక్కిలి ప్రమాదకరమైనది. మన ధాన్యపుకొట్టుకు తాళము వేయునప్పుడు మనము నుదుటివ్రాతను తలపము. పరుల ప్రాణముల విషయముననే అది జ్ఞప్తికి వచ్చును. సెప్టిక్ ట్యాంకులో దిగిన మనిషి స్పృహ తప్పును. వానిని రక్షింపబోయి రెండవవాడును దిగి ప్రాణము కోల్పోవును. ఇది విధి కాదు, విషవాయువు స్వభావము. హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైనచో వాసన పసిగట్టు శక్తినే హరించును, కనుక వాసన లేదని నమ్మి దిగుట మృత్యువును నమ్ముటయే. మనుషులను రక్షణ లేకుండ అట్లు దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబమునకు 10 లక్షల రూపాయలు ఇయ్యవలెనని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023లో దానిని 30 లక్షలకు పెంచినది. అయినను ఎంత పెంచినను పోయిన మనిషి తిరిగి రాడు. యంత్రముతో తోడించిన ఖర్చు దానిముందు ఏపాటిది?

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు పడవ నడపు అంబిగర చౌడయ్యయు, బట్టలుతుకు మడివాళ మాచయ్యయు, త్రాళ్ళు పేను నులియ చందయ్యయు శరణులై గౌరవము పొందిరి. కాయకము పూజయని బసవేశ్వరుని మార్గము బోధించినది. కాయకము పూజయైనచో, దానిని చేయు కాయమును నిర్లక్ష్యము చేయుట పూజకు భంగము గాదా? దాసోహము కూడ గొప్పవాడు పేదవానికి విసరు భిక్ష కాదు. సమాజమువలన పొందినదానిని సమాజమునకు తిరిగి అర్పించుట అది. గాయపడిన పనివానికి ఇచ్చునది ఆ భావముతోనే ఇయ్యవలెను, అతనిని చేతులు జోడించి నిలువబెట్టి కాదు.

కావున మన మఠములును మన గృహములును ఈ ధర్మమును తమ వాకిటనుండియే ఆరంభింపవలెను. దాసోహపు వంటశాలలో మరుగు గుండిగలను మోయువారికి జారని నేల ఉన్నదా? రథోత్సవమునకు ముందు త్రాళ్ళును, చక్రములును, దారిపైనున్న కరెంటు తీగలును పరీక్షింపబడినవా? మన ఇల్లు కట్టు మేస్త్రీ ఎక్కిన పరంజాపై మన కుమారుని ఎక్కనిత్తుమా? ఈ చివరి ప్రశ్నకు "ఎక్కనీయము" అన్నది సమాధానమైనచో, ఆనాడు పని ఆపి పరంజాను సరిచేయించుటయే మన కర్తవ్యము. ప్రమాదము జరిగిన పిదప చెల్లించు ఋణము చిన్నది. జరుగకముందు చెల్లింపవలసిన ఋణమే పెద్దది, దానికి గడువు నేడే.